కలెక్టరేట్ దగ్గర మాస్టారి టైపింగ్ షాపు: జవాను ఇంటి కాగితాలకి వెళ్లాల్సిన చోటు

మా తమ్ముడు ఆర్మీలో డ్రైవరు. గతేడాది వానల్లో అరుణాచల్ కొండల్లో రేషన్ బండి లోయలోకి జారి చనిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒకాయన "యుద్ధంలో పోయుంటే ఏదైనా వచ్చేది, ఇప్పుడేం వస్తుంది" అన్నాడు. లోపల గదిలో ఉన్న మా మరదలు ఆ మాట వింది. మా ఊరివాళ్లలో చాలామంది అలాగే అనుకుంటారు. అది తప్పని నాకు చెప్పింది ఈ షాపు మాస్టారు. అందుకే ఈ రివ్యూ.

షాపు విశాఖలో కలెక్టరేట్ దగ్గర ఒక సందులో ఉంది. బోర్డు వెతక్కండి, గుమ్మంలోనే జిరాక్స్ మిషన్ కనపడుతుంది. మాస్టారు ఆర్మీలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. పేజీ టైపింగుకి ఇరవై రూపాయలు. డబ్బులొచ్చాక శాతం ఇమ్మనే మాటే లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మూసేస్తారు, ఫోన్ ఎత్తరు. కూర్చోడానికి మూడే కుర్చీలు, మెట్లు నిటారుగా ఉంటాయి. మా అమ్మ ఎక్కలేక కిందే నిలబడింది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

అంతకుముందు వేరే నెట్ సెంటర్‌కి వెళ్లాం. ఆ కుర్రాడు మరణ కారణం దగ్గర "సహజ మరణం" అని కొట్టి సంతకం పెట్టమన్నాడు. మా మరదలు పెట్టబోయింది కూడా. ఎందుకో నేనే ఆపి ఇక్కడికి తీసుకొచ్చాను.

మాస్టారు ముందు మా మరదలికి మంచినీళ్లిచ్చారు. "కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాగితం ఉందా అమ్మా?" అని అడిగారు. ప్రమాదం మీద ఆర్మీ వాళ్లు చేసే విచారణ రిపోర్టు అది. యూనిట్ వాళ్లు పంపిన కవరు మేమింకా సరిగ్గా చూడనే లేదు. ఆయన స్టీలు స్కేలు తీసి మొదటి లైను కింద పెట్టి, ఒక్కో లైను దించుకుంటూ పెదాలు కదుపుతూ చదివారు. నాలుగు పేజీలకి అరగంట పట్టింది. చివరి పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశారు. ప్రమాదం డ్యూటీలో ఉండగా జరిగింది, మరణం సర్వీసు వల్లే అని రాసిన వాక్యం. "మీ ఇంటికి ఆధారం ఇదమ్మా. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు" అన్నారు.

తర్వాత విడమర్చి చెప్పారు. సైన్యంలో మరణాల్ని ఇంగ్లీషు అక్షరాలు 'ఏ' నుంచి 'ఈ' దాకా ఐదు రకాలుగా చూస్తారట. సర్వీసుతో సంబంధం లేని మరణం 'ఏ'. డ్యూటీలో ప్రమాదం 'సి'. శత్రువు చేతిలో పోతే 'ఈ'. 'ఏ' కింద రాస్తే మామూలు ఫ్యామిలీ పెన్షనే, అది లెక్కలోకి తీసుకునే చివరి జీతంలో మొదటి పదేళ్లు 50 శాతం, ఆ తర్వాత 30. 'సి' అయితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం, దాంతోపాటు కేంద్రం ఒకేసారి ఇచ్చే 25 లక్షల సాయం, ఎక్స్‌గ్రేషియా. మేము సంతకం పెట్టబోయిన ఆ రెండు ముక్కల మాట ఎంత పని చేసేదో అప్పుడర్థమైంది. సెలవు మీద ఇంటికొచ్చే ప్రయాణంలో ప్రమాదం జరిగినా డ్యూటీ కిందే చూస్తారట, అందుకే అలాంటి ఇళ్లవాళ్లని రైలు టికెట్టు కూడా పారేయొద్దంటారు. అగ్నివీర్ల లెక్క వేరు. వాళ్లకి పెన్షన్ లేదు, 48 లక్షల ఇన్సూరెన్స్ ఉంటుంది. ఆ కాగితాలూ చూస్తారు.

యుద్ధం లేకుండా పోయినవాళ్లు విశాఖకి కొత్త కాదు. 2014 నవంబరులో ఇక్కడి తీరంలోనే నేవీ టార్పెడో రికవరీ ఓడ మునిగింది. ఒకరు చనిపోయారు, నలుగురు గల్లంతయ్యారు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 విమానం దారిలో గల్లంతైంది. అందులో 29 మంది ఉంటే, ఎనిమిది మంది మన ఎన్ఏడీ, అంటే నేవీ ఆయుధ డిపో ఉద్యోగులే. శిథిలాలు సముద్రంలో 3,400 మీటర్ల లోతున ఉన్నట్టు 2024 జనవరిలో గాని తెలియలేదు. మాస్టారుండేది ఎన్ఏడీ కొత్తరోడ్డులోనే. "శవం కూడా చూడకుండా కాగితాల మీద సంతకం పెట్టాల్సిన ఇళ్లున్నాయి బాబూ" అని మాత్రం అన్నారు.

ఆ రోజే ఇంకో తప్పు దొరికింది. మా మరదలి పేరు లక్ష్మి. ఆధార్‌లో కె, ఎస్, హెచ్ ఉంటే, సర్వీసు రికార్డులో ఎక్స్ పడింది. ఇలాంటి చిన్నదానికే ఫైలు వెనక్కొస్తుందని, అఫిడవిట్ రాయించి రికార్డ్ ఆఫీసుకి ముందే పంపించారు. మొత్తం నాలుగుసార్లు తిరిగాం. నాలుగుసార్లకీ కలిపి నాలుగొందల లోపే అయింది.

ఐదు నెలలకి పెన్షన్ ఆర్డరు వచ్చింది, 'సి' కిందే. మా మరదలు స్వీట్ ప్యాకెట్ పట్టుకెళ్లింది. మాస్టారు దాన్ని పక్కన పెట్టి, "ముందు ఆర్డరు చూపించమ్మా" అన్నారు. మళ్లీ ఆ స్కేలు తీసి పేరు కింద పెట్టారు. కె, ఎస్, హెచ్ అని ఒక్కో అక్షరం పైకే చదివి, కాగితం ఆమె చేతిలో పెట్టారు.