సముద్ర మట్టం కొలవాలంటే: శాటిలైట్ రాడారా, రేవులో టైడ్ గేజా?

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం రాడార్ తరంగాన్ని కిందికి పంపి, అది నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని కొలిచేది. దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెంటీమీటర్ల తేడా దొరికేది! నాకిప్పటికీ ఆశ్చర్యమే. టైడ్ గేజ్ అంటే రేవులోనే ఉండి, అక్కడి నీటి ఎత్తును కొలిచే సాధనం.

ఖర్చు: రాడార్ డేటా చాలావరకు ఉచితం. గేజ్‌కు పరికరం, మరమ్మతులు తప్పవు.

శ్రమ: రాడార్ లెక్కల్లో గాలిలోని తేమ, అలల ప్రభావం సవరించాలి. గేజ్ రీడింగ్ సూటిగా ఉంటుంది.

వేగం: గేజ్ నిమిషాల్లో చెబుతుంది. సరళ్ అదే దారికి రావడానికి 35 రోజులు పట్టేది.

రిస్క్: తీరం దగ్గర నేల ప్రతిధ్వని కలిసి రాడార్ తడబడుతుంది. గేజ్ తిప్పలు వేరు: కింద నేల కుంగినా, నీరే పెరిగినట్టు చూపిస్తుంది. డెల్టాల్లో ఇది పెద్ద టెన్షన్.

విశాఖ రేవులో ఉప్పెన ఎంత లేచిందో తెలియాలంటే గేజే. బంగాళాఖాతం మొత్తం ఏళ్ల తరబడి ఎటు పోతోందో చూడాలంటే రాడారే.