రెండేళ్లు డేకేర్, రెండేళ్లు అంగన్‌వాడీ: విజయవాడలో మా ఇంటి లెక్క

మా పాపను రెండూ పెంచాయి. 2021 మధ్య నుంచి 2023 వేసవి దాకా ప్రైవేటు డేకేర్‌లో ఉంది. ఆ జూన్ నుంచి ఒకటో తరగతిలో చేరేదాకా మా వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్ళింది. నేను ఒక ఇన్సూరెన్స్ బ్రాంచిలో పని చేస్తాను, ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా. మావారిది మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం. ఇద్దరం ఉద్యోగాలు మానకుండా ఒకే పిల్లను రెండు చోట్లా ఉంచాం కాబట్టి, ఇందులో రాసేదంతా మేం కట్టిన డబ్బు, మేం పడ్డ టెన్షన్, మాకు దొరికిన నిశ్చింత.

అంగన్‌వాడీ ఉచితం, డేకేర్‌కు వేలల్లో ఫీజు, ఇందులో పోల్చడానికి ఏముంది అని చాలామంది అంటారు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు లెక్క అలా కుదరదు. మనం డేకేర్‌కు డబ్బు కట్టేది ముఖ్యంగా గంటల కోసం. అంగన్‌వాడీ దగ్గర ఆ గంటలు ఎక్కడ ఆగిపోతాయో చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది.

ముందు డేకేర్ సంగతి. చేరినప్పుడు అడ్మిషన్ కింద 5,000 కట్టాం, అది తిరిగి ఇవ్వరు. నెలకు 6,000 ఫీజు, భోజనానికి 1,500. రెండో ఏడాదికి ఫీజు 7,500, భోజనం 2,000 అయ్యాయి. ఏటా ఒకసారి యాన్యువల్ చార్జీలని 4,000. అంటే రెండో ఏడాది మొత్తం 1,18,000 రూపాయలు. పాపకు జ్వరం వచ్చి పది రోజులు పంపకపోయినా ఒక్క రూపాయి తగ్గదు. సాయంత్రం ఏడు దాటితే అరగంటకు వంద. నెలాఖరున మా ఆఫీసులో టార్గెట్ల హడావుడి ఉన్నప్పుడు ఆ వందలు బాగానే పడేవి.

అయినా ఆ రెండేళ్లూ నా ఉద్యోగం నిలబడింది ఆ డేకేర్ వల్లే. ఉదయం ఎనిమిదిన్నరకు దింపితే సాయంత్రం ఏడు దాకా పాప గురించి వేరే ఏర్పాటు అక్కర్లేదు. పది గంటల పైమాట. అక్కడి ఆయమ్మ పాపకు డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం, అన్నం తినిపించడం ఓపికగా చేసేది. మధ్యాహ్నం నిద్ర తర్వాత టీవీ పెట్టేవాళ్ళు, అది నాకు నచ్చలేదు. అడిగితే కొన్నాళ్ళు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఆయాలు తరచూ మారిపోయేవాళ్ళు. పాప ఒకరికి అలవాటుపడేసరికి ఇంకొకరు వచ్చేవాళ్ళు, మళ్ళీ వారం పాటు ఏడుపు. ఫీజు పెంచేటప్పుడు పిల్లలకు ఎంతమంది ఆయాలు ఉంటారో కూడా చెప్పి పెంచితే బాగుండేది.

ఆఫీసులోనే శిశు సంరక్షణ గది ఉండాలని చట్టం ఉంది కదా అని కొందరు అడిగారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలని పెట్టారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే వీలు కూడా ఇచ్చారు. మంచి నిబంధన. మా బ్రాంచిలో పనిచేసేది పన్నెండు మందిమి. మాలాంటి చిన్న ఆఫీసుల్లో, షాపుల్లో, ప్రైవేటు స్కూళ్ళలో పనిచేసే ఆడవాళ్ళే ఎక్కువ, వాళ్ళకు ఆ నిబంధన దక్కడం లేదు.

పాపకు మూడేళ్లు నిండాక అంగన్‌వాడీ గురించి ఆలోచించాం. మా కింది పోర్షన్ పిన్నిగారు "ఏమ్మా, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ పిల్లను అంగన్‌వాడీలో వేస్తారా?" అని ఆశ్చర్యపోయారు. అంగన్‌వాడీ అంటే గతిలేనివాళ్ళకు అనే మాట మన మధ్యతరగతి ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం కింద నడిచే కేంద్రాలు ఇవి. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ఆటపాటలు, చదువు, వేడి భోజనం అన్నీ అందులో భాగమే. పన్ను కట్టే ప్రతి ఇంటికీ దాని మీద హక్కు ఉంది.

అక్కడ నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది తిండి. అన్నం, పప్పు లేదా ఆకుకూర, గుడ్డు, పాలు. గుడ్డు మీద రంగు ముద్ర ఉండేది, బయట అమ్ముకోకుండా వేసే ముద్ర అది. డేకేర్‌లో నెలకు 2,000 కట్టినా గుడ్డు వారానికి రెండుసార్లే పెట్టేవాళ్ళు. ఇంట్లో గుడ్డు చూస్తేనే మొహం తిప్పుకునే మా పాప, పక్కన పిల్లలందరూ తింటుంటే తానూ తినడం నేర్చుకుంది. నెలకోసారి బరువు, ఎత్తు చూసి నమోదు చేసేవాళ్ళు. ఒక నెల బరువు పెరగలేదని టీచర్ గారు నన్ను ఆపి మరీ చెప్పారు, ఏం తింటోంది, నిద్ర సరిగా పోతోందా అని అడిగారు. అంత ఫీజు కట్టిన డేకేర్‌లో ఆ మాట ఎవరూ అడగలేదు.

చదువు విషయంలో కూడా నాకు లోటు కనిపించలేదు. పీపీ-1, పీపీ-2 (ప్రీ-ప్రైమరీ) పుస్తకాలున్నాయి, కార్డులున్నాయి, బియ్యంలో వేలితో అక్షరాలు దిద్దించడం ఉంది. తెలుగు పాటలు, పొడుపు కథలు బాగా వచ్చాయి. ఇంగ్లిష్ రైమ్స్ తగ్గాయి, దాని గురించి నేను బెంగపడలేదు.

గది మాత్రం చిన్నది. అద్దె ఇంట్లో ఒక గది, ముందు వరండా. అందులోనే పిల్లలు, బియ్యం బస్తాలు, గ్యాస్ పొయ్యి. బాత్రూం ఇంటి ఓనర్లతో కలిపి వాడాలి. వేసవిలో ఒక్క ఫ్యాన్ కింద పిల్లలు అల్లాడిపోయేవాళ్ళు. టీచర్ గారికి పిల్లల పనితో పాటు సర్వేలు, గర్భిణుల వివరాలు, ఇవన్నీ ఫోన్‌లో ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్. యాప్ మొరాయించిన రోజు పొద్దున్నంతా దానికే సరిపోయేది, పిల్లలను ఆయమ్మ ఒక్కతే చూసుకునేది.

ఇక డబ్బు. అంగన్‌వాడీ తొమ్మిది నుంచి నాలుగు దాకా. నేను ఇంటికి చేరేది ఏడుకు. మధ్యలో ఆ మూడు గంటలకు పిన్నిగారినే బతిమాలుకున్నాం. నెలకు 3,500 ఇచ్చేవాళ్ళం. సాయంత్రం పాలు, పండ్లు, టిఫిన్ కింద ఇంకో వెయ్యి. ఎండలు ముదిరాక కేంద్రం ఒంటిపూట నడిచేది కాబట్టి ఆ రెండు నెలలకు ఆమెకు కలిపి 2,000 అదనంగా ఇచ్చాం. ఇదంతా ఏడాదికి 56,000.

గంటల చొప్పున చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. డేకేర్‌లో నెలకు 9,500కు సుమారు 270 గంటలు దొరికేవి, గంటకు 35 రూపాయలు. పిన్నిగారికి ఇచ్చిన 3,500కు దొరికింది దాదాపు 75 గంటలు, గంటకు 47 రూపాయలు. ఆమె ఎక్కువ తీసుకున్నారని కాదు, నిజానికి అది తక్కువే. సాయంత్రం ఆ మూడు గంటలే ఇంట్లో అందరికీ వంట సమయం, వాళ్ళ పిల్లలు స్కూలు నుంచి వచ్చే సమయం. అందుకే ఆ గంటలకు మనిషి దొరకడం కష్టం, దొరికినా ఖరీదు.

దానికి తోడు ఆ ఏడాదే సమ్మె వచ్చింది. 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. ఆ రోజుల్లో పాపను పాత డేకేర్‌కే రోజుకు 400 చొప్పున పంపాం, సంక్రాంతి ముందు వారం మచిలీపట్నం నుంచి అత్తయ్యగారు వచ్చి చూసుకున్నారు. మాకు 9,000 దాకా అయ్యింది, ఇబ్బంది పడ్డాం. కానీ టీచర్ గారి మీద కోపం రాలేదు. పిల్లల చదువు, వంట, తూకాలు, సర్వేలు, ఇన్ని పనులు చేసే మనిషికి అప్పుడు నెలకు 11,500 ఇచ్చేవాళ్ళు, ఆయమ్మకు 7,000. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. ఉద్యోగం విరమించేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ వాళ్ళకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, దాని కోసం కూడా రోడ్డెక్కాల్సి వచ్చింది. నా పిల్లకు రోజూ అన్నం పెట్టిన చేతులవి. ఆ సమ్మెను నేను సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను.

కేంద్రం చెప్పాపెట్టకుండా మూసిన రోజుల్లో, మీటింగులున్న రోజుల్లో నాకు జీతం లేని సెలవులు పడ్డాయి. అవి 6,000 అనుకుందాం. మొత్తం కలిపితే 71,000. డేకేర్ 1,18,000తో పోలిస్తే ఏడాదికి మిగిలింది 47,000. చేతికి వచ్చిన డబ్బు తక్కువేమీ కాదు, మా ఇంటి అద్దె నాలుగు నెలలు తీరింది. కానీ "ఉచితం" అని విని ఎవరైనా లక్షా పద్దెనిమిది వేలూ మిగులుతాయనుకుంటే కుదరదు. అంగన్‌వాడీ రెండో ఏడాది సగం రోజులు నేను బాబు కాన్పుతో సెలవులో ఉన్నాను, ఆ లెక్కను ఇందులో కలపలేదు.

పన్ను గురించి ఒక మాట. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు ప్లేస్కూల్, నర్సరీ ట్యూషన్ ఫీజును ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ (2025 కొత్త చట్టంలో సెక్షన్ 123) కింద లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. డేకేర్ చార్జీలు, భోజనం దానికిందకు రావు. రెండూ కలిపి నడిపే చోట రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా ఉందో లేదో చేరేటప్పుడే అడగండి. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు.

మూడేళ్ల లోపు పిల్లలకైతే నా అనుభవంలో డేకేర్ తప్ప దారి కనిపించలేదు. అంగన్‌వాడీ ఆ వయసు పిల్లలను రోజంతా ఉంచుకోదు. అయితే పిల్లలు డేకేర్‌కు వెళ్తున్నా అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి. బాలామృతం అనే పోషకాహార పొడి, గుడ్లు, పాలు ఇంటికి ఇస్తారు, బరువు చూస్తారు. మా బాబు ఇప్పుడు డేకేర్‌లోనే ఉన్నాడు, వాడికి ఇవన్నీ అందుతున్నాయి.

అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే 'పాల్నా' పథకం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మా డివిజన్‌లో అలాంటిది లేదు. ఉన్నా ఏడున్నర గంటలు ఉద్యోగానికీ ప్రయాణానికీ కలిపి సరిపోవు. మా కేంద్రానికే ఇంకో ఆయమ్మను ఇచ్చి, ఆమెకు సరైన జీతం ఇచ్చి, సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచితే నేను నెలకు మూడు వేలు సంతోషంగా కడతాను. మా వీధిలో అలా కట్టేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

మీరు అంగన్‌వాడీ చూడాలనుకుంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు, భోజనం వేళకు వెళ్ళండి. తిండి, శుభ్రత, ఆయమ్మ ఓపిక అన్నీ అప్పుడే తెలుస్తాయి. టీచర్ ఎన్నాళ్ళ నుంచి అక్కడ పనిచేస్తున్నారో అడగండి, మా టీచర్ గారిది పద్దెనిమిదేళ్ల అనుభవం. నాలుగు తర్వాత పిల్లను చూసే మనిషి కుదిరాకే డేకేర్ మాన్పించండి. బాబుకు మూడేళ్లు నిండగానే మేమూ అలాగే చేస్తాం. పిన్నిగారితో ఇప్పుడే మాట్లాడి ఉంచాను, ఈసారి నెలకు 4,500 అన్నారు, సరేనన్నాను.