డార్జిలింగ్‌లో పాయింట్లు లెక్కపెట్టి బండి మాట్లాడుకోవద్దు

డార్జిలింగ్‌లో బండి దిగగానే చేతిలో పెట్టే కార్డు 'సెవెన్ పాయింట్ టూర్'. ఏడు చోట్లు, ఒక పూట, ఒక రేటు. విడివిడిగా చూస్తే మోసం ఎక్కడుందో తెలుస్తుంది. జూ ఒక పాయింటు, పర్వతారోహణ సంస్థ ఇంకో పాయింటు. నిజానికి రెండూ ఒకే ఆవరణలో, ఒకే గేటు లోపల ఉన్నాయి. టెన్జింగ్ రాక్, గోంబు రాక్ అనేవి రోడ్డు పక్కన ఎదురెదురుగా ఉన్న రెండు పెద్ద బండలు. వాటికీ రెండు పాయింట్లే. లెబాంగ్ రేస్‌కోర్సును పై రోడ్డు మీద బండి ఆపి కిందకి చూపిస్తారు. నిజంగా లోపలికెళ్లి చూసేవి మూడో, మహా అయితే నాలుగో. వాటిలో జూకి రెండున్నర గంటలు కావాలి, డ్రైవరేమో గంటలో వచ్చేయమంటాడు. బేరం చేసేది గంటల లెక్కన చేయండి. జూ దగ్గర ఎంతసేపు ఆపాలో డబ్బులిచ్చే ముందే తేల్చుకోండి.

ఆ జూ మాత్రం వదలకూడనిది. 1958లో పెట్టారు. సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడి పేరే దానికి ఉంది. ఆమె 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరు. గురువారం సెలవు, ఇది తెలియక గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు ఎంతోమంది. పొద్దున తెరవగానే వెళ్లండి. రెడ్ పాండా అప్పుడు కిందకి దిగి వెదురాకు తింటూ కనిపిస్తుంది. పెద్ద పిల్లి అంత ఉంటుంది, వంటి మీద ఇటుకరంగు బొచ్చు, తోక మీద కట్లు కట్లుగా చారలు. మధ్యాహ్నానికి కొమ్మ మీద తోక మొహానికి చుట్టుకుని పడుకుంటే కనిపించేది ఒక ఎర్రటి ఉండే. లోపలంతా ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తొందరపెట్టొద్దు. పైన 1954లో మొదలైన పర్వతారోహణ సంస్థ ఉంది, ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే సమాధీ అక్కడే. మ్యూజియానికి ముప్పావుగంట ఉంచుకోండి.

ఇక సూర్యోదయం చూడ్డానికి వెళ్లే టైగర్ హిల్ సంగతి. ఊరికి 11 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 2,590 మీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికల్లా బయల్దేరాలి. జీపుకి సీజన్‌ను బట్టి 1,500 నుంచి 2,500 దాకా అడుగుతారు. రద్దీ రోజుల్లో బండికి కూపన్ కావాలి, అది ముందు రోజే తీసుకున్నాడా లేదా అని డ్రైవరుని అడగండి. ఆలస్యమైతే బండి దూరంగా ఆగిపోతుంది, చీకట్లో ఎక్కుతూ నడవాలి. పైకి చేరాక జనమంతా తూర్పుకి తిరిగి సూర్యుడి కోసం నిలబడతారు. చూడాల్సింది ఎడమవైపు. సూర్యుడు కనబడకముందే కాంచన్‌జంగ కొసన గులాబీరంగు చుక్క పడుతుంది, అది కిందకి జారుతూ నారింజ రంగై, చివరకి తెల్లబడుతుంది. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఎవరెస్టు దూరంగా చిన్న మొనలా ఉంటుంది. దాని పక్కన పెద్దగా కనబడేది మకాలు అనే శిఖరం, దగ్గరగా ఉంది కాబట్టి. దాన్నే ఎవరెస్టు అనుకుని పొరబడేవాళ్లు చాలామంది.

అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా అయితే ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు తప్ప ఏమీ కనబడదు, డబ్బు తిరిగి రాదు. చిన్నపిల్లలు వెంట ఉంటే వాళ్లను చలిలో నిద్ర లేపకండి. ఊరి నడిబొడ్డున ఉన్న చౌరస్తా నుంచి అబ్జర్వేటరీ హిల్ చుట్టూ తిరిగే మాల్ రోడ్డులో ఉత్తరం వైపు నిలబడితే అదే కాంచన్‌జంగ పైసా ఖర్చు లేకుండా కనబడుతుంది. ఆ కొండ మీద మహాకాల్ గుడి ఉంది, హిందూ పూజారి, బౌద్ధ లామా ఒకే చోట పూజ చేస్తారు. ఏ కార్డులోనూ దీన్ని పాయింటుగా వేయరు.

కొండెక్కే చిన్న రైలు, టాయ్ ట్రైన్‌కి కింద మైదానంలోని న్యూ జల్పాయిగురి స్టేషన్ నుంచి పైదాకా టికెట్ కొనకండి. 88 కిలోమీటర్లకి ఏడు గంటలు పైనే, అది కూడా ఆలస్యం లేకపోతే. షేర్ జీపులో మూడున్నర గంటల్లో వచ్చేయొచ్చు. డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి తిరిగొచ్చే రెండు గంటల జాయ్ రైడ్ చాలు. డీజిల్ ఇంజనైతే సుమారు 1,000, ఆవిరి ఇంజనైతే 1,500 పైన. ఆ తేడా డబ్బు పెట్టి ఆవిరిదే ఎక్కండి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. కిటికీలోంచి తల బయటపెడితే బొగ్గు నలుసు కంట్లో పడుతుంది, కళ్లజోడు ఉంచుకోండి, తెల్లబట్టలు వద్దు. బతాసియా లూప్ దగ్గర పది నిమిషాలు ఆపుతారు. వాలు తగ్గించడానికి 1919లో పట్టాలను చుట్టగా తిప్పిన చోటు ఇది. దిగీ దిగగానే ఫొటోలు తీసుకోండి, కూత వేస్తే ఎవరికోసమూ ఆగదు. ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది.

బస విషయంలో 'చౌరస్తాకి అయిదు నిమిషాలు' అన్న మాట నమ్మకండి. అయిదు నిమిషాలే, కాకపోతే నిటారుగా మెట్లు. రోడ్డు వాలులో కట్టిన హోటళ్లలో రిసెప్షన్ పైన, గదులు రెండంతస్తులు కింద ఉంటాయి. కింది గదికి ఎండ తగలదు, దుప్పట్లు చెమ్మగా ఉంటాయి. బుక్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. గది రోడ్డుకి పైనా కిందా? హీటరుకి రాత్రికి విడిగా ఎంత? వేడినీళ్లు ఏ వేళల్లో? బండి గుమ్మం దాకా వస్తుందా? ఊళ్లో నీటి ఎద్దడి ఉంది, చాలాచోట్ల ట్యాంకరే దిక్కు. అందుకే పొద్దున ఏడింటికే స్నానాలు కానిచ్చుకోండి.

టీ కొనేటప్పుడు పొడి చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రటి గుళికల్లా ఉంటే అది డార్జిలింగ్ ఆకు కాదు. మెలితిరిగిన పొడవాటి ఆకు కావాలి. మార్చి, ఏప్రిల్‌లో కోసిన ఫస్ట్ ఫ్లష్ పచ్చగా, పలచగా దిగుతుంది. మే, జూన్ నాటి సెకండ్ ఫ్లష్ రంగుగా, పండు వాసనతో ఉంటుంది. ముందు వంద గ్రాములే కొనండి. పాలు పోసి మరిగించొద్దు. నీళ్లు తెర్లి, కాస్త చల్లారాక కప్పుకి ఒక చెంచా ఆకు వేసి మూత పెట్టి మూడు నిమిషాలకు వడకట్టండి. అంతకు మించి ఉంచితే వగరెక్కుతుంది.