బట్లర్ల కోటలు: కిల్‌కెన్నీ కంటే ముందు నీనా చూడండి

డబ్లిన్ నుంచి కిల్‌కెన్నీకి రైలు గంటన్నర. అందుకే ఇండియా నుంచి చుట్టాలు దిగితే ఇక్కడి మనవాళ్లు చేసే పని ఒకటే. పొద్దున్నే హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కించి, కోట చూపించి, చీకటి పడేలోగా ఇంటికి చేర్చేస్తారు. అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చినప్పుడు మేం మాత్రం కారు తీసుకుని ఆ కోటను చివరికి పెట్టుకున్నాం. ఎందుకంటే కిల్‌కెన్నీ కోట బట్లర్లు అనే పాత ప్రభువుల వంశం కట్టింది కాదు, కొనుక్కున్నది. వాళ్ల వంశం వేళ్లూనిన చోటు టిప్పరరీ కౌంటీలో ఉన్న నీనా అనే చిన్న ఊరు.

1185లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ తన కొడుకు జాన్‌ను ఐర్లండ్‌కు పంపాడు. ఆ రాకుమారుడి వెంట వచ్చినవాళ్లలో థియోబాల్డ్ వాల్టర్ ఒకడు. పలుకుబడికి కొదవ లేని మనిషి. రాజుగారి ప్రధాన న్యాయాధికారి గ్లాన్‌విల్ ఇంట్లో పెరిగాడు, తోడబుట్టిన హ్యూబర్ట్ ఆ తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. జాన్ ఇతనికి మన్‌స్టర్‌లో భూములిచ్చి, ఐర్లండ్‌కు ప్రధాన బట్లర్‌ను చేశాడు. రాజు విందులో వైన్ గిన్నె నింపడమే బట్లర్ పని, ఆ గౌరవం పేరుకే. అసలు లాభం వేరే ఉంది. రేవుకొచ్చే వైన్ ఓడల నుంచి వాటా తీసుకునే హక్కు ఈ పదవితో పాటు వంశానికి దక్కింది. 1810 ప్రాంతంలో ప్రభుత్వం ఆ హక్కును వెనక్కి కొనుక్కోవడానికి 2,16,000 పౌన్లు ఇచ్చిందంటే లెక్క వేసుకోండి. మన కరణం, దేశ్‌ముఖ్‌ల లాగే ఇక్కడా పదవే ఇంటిపేరైంది.

అయితే అంతా సాఫీగా నడవలేదు. జాన్ రాజయ్యాక, అంతకుముందు తానిచ్చిన భూములనే మరొక ప్రభువుకు అమ్మేశాడు. హ్యూబర్ట్ మధ్యలో పడి, 500 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కట్టించి, వాటిని మళ్లీ ఇప్పించాడు. అన్న తమ్ముళ్ల సాయం లేకపోతే ఈ వంశం ఒక తరంలోనే ముగిసేదేమో!

నీనాలో ఆ థియోబాల్డ్ మొదలుపెట్టిన గుండ్రటి బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. 1220 ప్రాంతంలో కొడుకు పూర్తి చేశాడు. టికెట్ లేదు. లోపలికి పోయే దారి గోడను తొలుచుకుంటూ పోతుంది. చేతులు బారజాపి నడిచినా గోడ మందం అయిపోదు, అడుగున దాదాపు 5 మీటర్లు. లోపల మెట్లు గోడలోనే చుట్టు తిరుగుతూ పైకెక్కుతాయి, మొత్తం 101. మావయ్యగారు తాడు పట్టుకుని నెమ్మదిగా ఎక్కేశారు కానీ, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు కింద బల్ల మీదే కూర్చున్నారు. ఆమె కూర్చున్నచోట గైడ్ చెప్పిన కథ మాత్రం పైకెళ్లిన మాకు దొరకలేదు. 18వ శతాబ్దంలో ఒక రైతు, బురుజులో గూళ్లు పెట్టుకున్న పిచ్చుకలు తన బార్లీ తినేస్తున్నాయని కోపమొచ్చి, కింద మందుగుండు పెట్టి పేల్చేయబోయాడట. గోడకు దెబ్బ తగిలింది గానీ బురుజు కదల్లేదు. పైన కిరీటంలా కనిపించే, పంటి వరసలాంటి గోడ మాత్రం పాతది కాదు, 1860 ప్రాంతంలో అక్కడి బిషప్ కట్టించింది. అక్కడ పెద్ద చర్చి కట్టి, దీన్ని గంటల గోపురం చేద్దామనుకున్నాడు. చర్చి రాలేదు, కిరీటం మిగిలింది.

బస నీనాలోనే ఒక ఇంటి బీ అండ్ బీలో (పడకతో పాటు పొద్దుటి ఫలహారం పెట్టే చోటు). ఆ ట్రిప్పులో డబ్బుకు తగ్గ బస అంటే అదొక్కటే. గది చిన్నదే, కానీ శుభ్రం, పార్కింగ్ ఉచితం, వేడినీళ్లకు ఢోకా లేదు. మేం శాకాహారులమని ముందురోజు రాత్రే చెప్పాం కాబట్టి పొద్దున్న పుట్టగొడుగులు, గుడ్లు, బీన్స్ వచ్చాయి. చెప్పకపోతే ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్‌లో బ్లాక్ పుడ్డింగ్ వచ్చేస్తుంది, అది పంది రక్తంతో చేసేది. నీనాకు రైలుంది గానీ రోజుకు చాలా తక్కువ, నమ్ముకోవద్దు.

తర్వాత కారిక్-ఆన్-షూర్. నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఉత్తమమైనది ఇదే. కిల్‌కెన్నీకి వచ్చినవాళ్లలో పదోవంతు కూడా ఇక్కడికి వచ్చినట్టు కనిపించలేదు. బట్లర్ల పెద్దలకు ఆర్మండ్ ఎర్ల్ అనే ప్రభువు బిరుదు ఉండేది; ఆ వరసలో పదో ఎర్ల్ థామస్ బట్లర్ 1560లలో పాత బురుజుల ముందు కట్టుకున్న భవంతి. మొదటి ఎలిజబెత్ రాణికి అతను చుట్టం. రాణి తల్లి ఆన్ బొలీన్ నానమ్మ బట్లర్ల ఆడపడుచే. రాణి ఎప్పటికైనా వస్తుందని ఆశపడి, పొడవాటి హాల్లో గోడ మీద గచ్చుతో ఆమె బొమ్మ చెక్కించాడు. ఆమె రానే లేదు. గైడ్‌తోనే లోపలికి పోవాలి, తొందరపెట్టకుండా చూపించారు. దారిలో బట్లర్ల మరో శాఖకు చెందిన కేర్ కోట కూడా ఉంది. నది మధ్య రాతిబండ మీద భలే ఉంటుంది. పిల్లలుంటే తప్పక ఆగండి.

చివరికి కిల్‌కెన్నీ. రాతి కోట విలియమ్ మార్షల్ అనే నార్మన్ ప్రభువు కట్టించాడు. 1391లో మూడో ఎర్ల్ జేమ్స్ కొన్నాడు. అప్పటినుంచి బట్లర్లు 1935 దాకా అక్కడే ఉన్నారు. ఆ ఏడాది సామాన్లన్నీ వేలం వేసేసి వెళ్లిపోయారు. 1967లో కోటను ఊరికి 50 పౌన్లకే ఇచ్చేశారు. అందుకే ఇప్పుడు మెరుస్తున్న గదుల్లోని సామాన్లు చాలావరకు తర్వాత తిరిగి సేకరించి అమర్చినవే. చిత్రాల గ్యాలరీ పైకప్పు మాత్రం తల ఎత్తి చూడాల్సిందే. అసలు బట్లర్లను దగ్గరగా చూడాలంటే సెయింట్ కానిస్ కెథెడ్రల్‌కు వెళ్లండి. 1539లో పోయిన పియర్స్ బట్లర్ కవచం తొడుక్కుని, పక్కన కొమ్ముల తలపాగాతో భార్య మార్గరెట్, సమాధి మీద నల్లరాతి బొమ్మలై పడుకుని ఉంటారు. వేలితో తాకేంత దగ్గర.

ఊళ్లో బస మాత్రం శుక్ర, శనివారాలు పెట్టుకోకండి. పెళ్లికి ముందు స్నేహితుల పార్టీలకు ఈ ఊరు పెట్టింది పేరు. మా హోటల్ కింద పబ్బు, రాత్రి రెండు దాటినా పాటలు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. రేటు మాత్రం నీనా బసకు రెండింతలు. మధ్యవారంలో అయితే ఇదే ఊరు హాయిగా ఉంటుంది.

ఒక్క రోజే ఉంటే రైలెక్కి కిల్‌కెన్నీ కోట, కెథెడ్రల్ చాలు. రెండు రోజులుంటే డబ్లిన్ నుంచి తిన్నగా నీనా వెళ్లి పడుకుని, మర్నాడు కేర్, కారిక్ మీదుగా తిరిగి రండి. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయాలి. చలికాలంలో నీనా, కారిక్ రెండూ మూసేస్తారు, బయల్దేరే ముందు వేళలు ఒకసారి చూసుకోండి.