పర్లాకిమిడి పక్క కాలేజీలో మూడుల్: ప్రశ్నల బ్యాంకు కోసం మిగతావన్నీ భరించాను

కాలేజీల్లో పాఠాలు, పరీక్షలు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్. దాన్ని మెచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది సర్వర్ మీద ఎక్కించినవాళ్లు. విసుక్కునేవాళ్లలో ఎక్కువమంది అందులో మార్కులు వేయాల్సివచ్చినవాళ్లు. మా కాలేజీలో ఈ రెండు పనులూ నా నెత్తినే పడ్డాయి కాబట్టి నా అభిప్రాయంలో మెప్పు, విసుగు రెండూ ఉంటాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా పిల్లలు, గుమ్మ వైపు కొండల నుంచి దిగివచ్చే సవర పిల్లలు కలిసి కూర్చుంటారు. నేను చెప్పేది రసాయనశాస్త్రం. పాఠం ఇంగ్లిషులో, వివరణ ఒడియాలో, వరండాలో అడిగే సందేహాలకు సమాధానం తెలుగులో.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన మార్టిన్ డౌగియామస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ తొలి రూపం 2002 ఆగస్టులో వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి విద్యార్థికి ఇంత అని కట్టనక్కర్లేదు. మా ప్రిన్సిపాల్‌ను ఒప్పించింది ఆ ఒక్క మాటే. అద్దె సర్వర్ ఖర్చు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి సమయం ఎవరూ లెక్కలో వేయలేదు. ఆ మనిషికి పని భారం తగ్గించకుండా ఏ కాలేజీ అయినా మూడుల్ పెట్టుకుంటే రెండో ఏడాదికే అది మూలన పడుతుంది.

ఇన్నేళ్ల తర్వాత కూడా నేను దీన్ని వదలకపోవడానికి కారణం ప్రశ్నల బ్యాంకు. మిగతా సౌకర్యాలకు ప్రత్యామ్నాయాలు దొరుకుతాయి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో నోట్సు పెట్టడం, అసైన్‌మెంట్లు తీసుకోవడం ఇంతకంటే సులువు. కానీ ప్రశ్నలను అధ్యాయాలవారీగా పేర్చి, ప్రతి విద్యార్థికి వేరే ప్రశ్నలు వచ్చేలా తీసి, వచ్చే ఏడాదికి అదే నిధిని పెంచుకుంటూ పోయే ఏర్పాటు అక్కడ లేదు.

ప్రశ్నలు ఎక్కించడానికి తెర మీద ఒక్కో గడి నింపుతూ కూర్చుంటే ఎవరికైనా విరక్తి పుడుతుంది. గిఫ్ట్ అనే పద్ధతిలో మామూలు నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు. ప్రశ్న రాసి, మీసాల బ్రాకెట్లలో సరైన జవాబు ముందు సమానం గుర్తు, తప్పు జవాబుల ముందు టిల్డె (~) గుర్తు పెడితే చాలు. కంప్యూటర్ ముట్టుకోని మా సీనియర్ అధ్యాపకుడు కాగితం మీద రాసిస్తే ల్యాబ్ అసిస్టెంటు టైపు చేసేస్తాడు. దీనికి ఏ శిక్షణ తరగతీ అవసరం కాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘కాలిక్యులేటెడ్’ రకం ప్రశ్న. టైట్రేషన్ లెక్కలో బ్యూరెట్ రీడింగు స్థానంలో ఒక గుర్తు పెట్టి, జవాబుకు సూత్రం ఇస్తాను. ఒకరికి 18.4 మిల్లీలీటర్లు వస్తే పక్కవాడికి 21.7 వస్తుంది. పక్కవాడి జవాబు చూసి రాసినవాడికి సున్నాయే. సూత్రం అడిగి తెలుసుకుని తన అంకెలతో లెక్క చేసుకుంటే మాత్రం మార్కు వస్తుంది. అలా అడిగి నేర్చుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. దశాంశాల సర్దుబాటుకు ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో ముందే చెప్పేయవచ్చు.

పరీక్ష అయ్యాక వచ్చే గణాంకాల నివేదికను చాలామంది తెరవను కూడా తెరవరు. ప్రతి ప్రశ్నకూ అది ఎంత తేలికో చెప్పే అంకె ఒకటి, బాగా చదివేవాళ్లను తక్కినవాళ్ల నుంచి ఎంతవరకు వేరుచేసిందో చెప్పే అంకె ఒకటి ఉంటాయి. ఈ రెండో అంకె మైనస్‌లోకి పోయిందంటే మంచి విద్యార్థులే ఆ ప్రశ్న తప్పుతున్నారని అర్థం. ‘తటస్థ ద్రావణం పీహెచ్ ఎప్పుడూ 7’ అనే తప్పా ఒప్పా ప్రశ్న ఒకటి బజారు గైడు నుంచి మా బ్యాంకులోకి చేరింది. గైడు ప్రకారం ఒప్పు. 25 డిగ్రీల దగ్గర మాత్రమే అది 7, వేడి పెరిగితే తగ్గుతుందని తెలిసిన పిల్లలు తప్పు అని గుర్తించి మార్కు పోగొట్టుకున్నారు. జవాబు సరిచేసి, మళ్లీ మూల్యాంకనం చేయమని ఒక్క బటన్ నొక్కితే అందరి మార్కులూ మారిపోయాయి. చేత్తో దిద్దిన కాగితాలయితే ఆ తప్పు ఎవరికీ కనిపించేది కాదు.

భాషల విషయం కూడా చెప్పాలి. బహుభాషా ఫిల్టర్ అని ఒకటుంది. ఒకే ప్రశ్నను ఒడియాలో, తెలుగులో, ఇంగ్లిషులో రాసిపెడితే విద్యార్థి ఎంచుకున్న భాష మాత్రమే కనిపిస్తుంది. మెనూల తెలుగు అనువాదం అసంపూర్తిగా ఉండటంతో అక్కడక్కడా ఇంగ్లిషు తొంగిచూస్తుంది. సవర పిల్లలకు మాత్రం ఇందులో ఏమీ ఒరగలేదు, వాళ్లకు అక్కడున్న మూడూ పరాయి భాషలే.

సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్లకు సెలవులకు వెళ్లే పిల్లలకు మొబైల్ యాప్ నిజంగా పనికొచ్చింది. కాలేజీ వైఫైలో పాఠాలు దించుకుని, ఇంటి దగ్గర చదివి, క్విజ్ కూడా నెట్ లేకుండానే రాసి, తర్వాత పంపవచ్చు. అయితే ఆ క్విజ్‌కు సమయ పరిమితి పెట్టకూడదు, జవాబులు రాసిన వెంటనే తప్పొప్పులు చూపించే పద్ధతి పెట్టకూడదు. అందుకే దాన్ని అభ్యాసానికే వాడుతున్నాను. ఇంటర్నల్ పరీక్షలన్నీ ల్యాబ్‌లోనే. యాప్ ఉచిత పథకంలో కొన్ని పరిమితులు ఉంటాయి, ముందే చూసుకోండి.

ఇక మార్కుల పుస్తకం. దాన్ని రూపొందించినవారికి నమస్కారం, అంతకుమించి మంచి మాట నా దగ్గర లేదు. ఖాళీ గడులను లెక్కలోంచి తీసేయడం అందులో మామూలు అమరిక. అంటే ఐదు పరీక్షల్లో ఒక్కటే రాసి 9 తెచ్చుకున్నవాడికి 90 శాతం, ఐదూ రాసి సగటున 7 తెచ్చుకున్న అమ్మాయికి 70 శాతం. ఆ టిక్ తీసేస్తేనే లెక్క న్యాయంగా వస్తుంది. వెయిటేజీల జోలికి వెళ్లకుండా మొత్తాన్ని ఎక్సెల్‌లోకి దించుకుని, విశ్వవిద్యాలయం అడిగిన నమూనాలో అక్కడే సర్దుకుంటున్నాను. బ్యాడ్జీలు, ఫోరాలు మా దగ్గర ఎవరూ ముట్టుకోలేదు. పిల్లల చర్చలన్నీ వాట్సాప్‌లోనే.

సర్వర్ కథ కొంచెం పెద్దది. మొదట్లో ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ మీదే నడిపాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కరెంటు లేక ఆ పెట్టె మూగబోయింది. తర్వాత అద్దె సర్వర్‌కు మారాం. ఇక్కడ తెలుసుకోవాల్సినది క్రాన్ గురించి. నిమిషానికోసారి నడవాల్సిన ఈ నేపథ్య పని ఆగిపోతే తెర మీద అంతా బాగానే ఉన్నట్టుంటుంది, నోటిఫికేషన్లు మాత్రం వెళ్లవు. పిల్లలు నోట్‌బుక్కును ఫోనుతో ఫొటో తీసి పంపే అసైన్‌మెంట్లు, వాటికి తోడు ఆటోమేటిక్ బ్యాకప్‌లు కలిసి డిస్కును చూస్తుండగానే నింపేస్తాయి. ఎన్ని పాత కాపీలు ఉంచాలో మొదటిరోజే నిర్ణయించండి. ఫోటోను సరిగ్గా కుదించి పంపడం పిల్లలకు నేర్పడం దానికంటే ముఖ్యం.

పాస్‌వర్డ్ మరచిపోవడం మరో నిత్య బాధ. మరచిపోయినవారికి ఈమెయిల్ పంపడం మూడుల్ పద్ధతి. మా పిల్లలు ఈమెయిల్ తెరిచేది అడ్మిషను రోజునే. ఆ పని ల్యాబ్ అసిస్టెంటుకు అప్పగించాక నాకు కాస్త ఊపిరాడింది.

2022లో వచ్చిన మూడుల్ 4.0 వెర్షన్‌తో తెర రూపం మారింది, ప్రశ్నలకు పాత ప్రతులు దాచే సౌకర్యమూ వచ్చింది. బయటివాళ్లు రాసిన ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాలు, ఎన్ని ఎక్కువుంటే ఇలాంటి మార్పు అంత కష్టం. హాజరు ప్లగిన్ ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాం. ప్రస్తుతం 4.5లో ఉన్నాం. దీనికి 2027 అక్టోబరు వరకు భద్రతా సవరణలు వస్తాయి కాబట్టి తొందరేమీ లేదు. 5.0లో ప్రశ్నల బ్యాంకుల అమరికనే మార్చేశారు, కోర్సుల మధ్య పంచుకునే బ్యాంకులు విడిగా ఉంటాయి, మూడుల్‌ను నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ కూడా కనీసం 8.2 కావాలి. దసరా సెలవుల్లో నకలు సర్వర్ మీద ఎక్కించి, మా పాత ప్రశ్నల విభాగాలు ఏ బ్యాంకులోకి వెళ్తాయో చూశాకే అసలుదాన్ని కదిలిస్తాం.