ఫోకె వుల్ఫ్ 189 కిట్: కట్టి, షెల్ఫ్ ఎక్కించి, ఏళ్లు గడిచాక

ముందే చెప్పేస్తాను. మాస్కింగ్ (రంగు పడకూడని చోట టేప్‌తో మూయడం) అంటే చిరాకు పడేవాళ్లు ఈ విమానం జోలికి వెళ్లకండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన నిఘా విమానం ఫోకె వుల్ఫ్ 189 ప్లాస్టిక్ మోడల్‌ని 1/72 స్కేల్‌లో, అంటే అసలుకి 72వ వంతు సైజులో, కట్టాను. కొత్త మోడల్ మీద ఉండే మురిపెం ఎప్పుడో తగ్గిపోయింది. దుమ్ము పట్టింది, తుడిచాను, ఒకసారి ఇల్లు మారినప్పుడు డబ్బాలో ప్రయాణం కూడా చేసింది. అందులో ఏది గట్టిగా నిలిచిందో, ఏది నిలవలేదో తెలిశాక రాస్తున్నాను. కిట్ కంపెనీ పేరు రాయడం లేదు. నాది పాత అచ్చు. కొత్త అచ్చులో పార్ట్‌లు ఇంకా బాగా అతుకుతాయేమో కానీ ఈ విమానంతో చిక్కు వచ్చేది రెండే చోట్ల: అద్దాలు, టెయిల్ బూమ్‌లు (ఇంజన్ల నుంచి తోక దాకా వెళ్లే పొడవాటి భాగాలు).

అసలు విమానం ఎందుకలా ఉంటుందో తెలిస్తే కట్టేటప్పుడు ఓపిక కాస్త పెరుగుతుంది. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ డిజైన్ ఇది, 1938లో మొదటిసారి ఎగిరింది. నేల మీద కదిలే సైన్యానికి ముందు ఏముందో చూసి, ఫొటోలు తీసి చెప్పడం దీని పని. వేగం కన్నా చూపు ముఖ్యం. అందుకే ఇంజన్లు రెండింటినీ పక్కలకి నెట్టి, వాటి వెనక నుంచి రెండు బూమ్‌లు తోక దాకా లాగి, మధ్యలో ముగ్గురు కూర్చునే గది పెట్టారు. ఆ గదికి ముందూ పైనా వెనకా అంతా అద్దాలే. బ్రెమెన్‌లోనే కాక, ఆక్రమణలో ఉన్న ప్రాగ్‌లోనూ బోర్డో దగ్గరా కూడా తయారుచేసి మొత్తం 864 విమానాలు కట్టారు. చాలావరకు పనిచేసింది రష్యా రంగంలో. (ఈ కుర్ట్ టాంకే తర్వాత బెంగళూరు వచ్చి మన హెచ్ఎఫ్-24 మారుత్ జెట్ ఫైటర్‌ని డిజైన్ చేశాడు. అది 1961లో ఎగిరింది. ఆ రెండు విమానాలనూ పక్కపక్కన పెడితే ఒకే మనిషి చేతి పని అంటే ఎవరూ నమ్మరు.)

ఇక అద్దాల సంగతి. బాక్స్ తెరవగానే ముందు చూడాల్సింది క్లియర్ (పారదర్శక) పార్ట్‌ల స్ప్రూ, అంటే పార్ట్‌లు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం. మిగతా ప్లాస్టిక్‌లో ఏ లోపం ఉన్నా పుట్టీతో, సాండ్‌పేపర్‌తో సరిచేసుకోవచ్చు. పారదర్శక పార్ట్‌లో పగులు ఉంటే దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఆ ప్లాస్టిక్ పెళుసు కూడా. సైడ్ కటర్ పెట్టి టక్కున నొక్కితే తెల్లటి చీలిక అద్దంలోకి పాకుతుంది. సన్నటి రంపపు బ్లేడుతో కొంచెం దూరంగా కోసి, మిగిలిన ముక్కని మెల్లగా రుద్ది తీసేయడం మంచిది. తర్వాత ప్రతి పార్ట్‌నీ పారదర్శక ఆక్రిలిక్ మెరుపు వార్నిష్‌లో ముంచి, అంచున చేరిన చుక్కని టిష్యూతో పీల్చి, మూత కింద ఆరబెట్టాను. దీనివల్ల సన్నని గీతలు కనబడవు. మాస్క్ తీసేటప్పుడు రంగు కింద నుంచి అద్దానికి పాకే బెడద కూడా తగ్గుతుంది.

ఫ్రేములకి రంగు వేయడంలో ఒక వరస ఉంది. ముందు లోపలి రంగు, అంటే ఆర్ఎల్ఎం 66 (ఆర్ఎల్ఎం అంటే అప్పటి జర్మన్ విమానయాన శాఖ రంగుల నంబర్లు) ముదురు బూడిద రంగు, బయటి వైపు నుంచే ఫ్రేముల మీద కొట్టాలి. అది ఆరాక దాని మీద పచ్చ రంగు. అప్పుడు బయట నుంచి చూస్తే ఫ్రేము పచ్చగా, అద్దంలోంచి అవతలి వైపు ఫ్రేమును చూస్తే బూడిద రంగులో కనిపిస్తుంది. నేరుగా పచ్చ కొట్టేస్తే గది లోపల కూడా పచ్చ గీతలు కనబడి మొత్తం బొమ్మలా అయిపోతుంది. ఈ ఒక్క పని వల్ల వచ్చిన తేడా, విడిగా కొని పెట్టిన ఏ అదనపు పార్ట్ వల్లా రాలేదు.

మాస్కింగ్‌కి తమియా కంపెనీ మాస్కింగ్ టేప్‌నే సన్నని పట్టీలుగా కోసి, ప్రతి గడిలో అంచుల వెంట అంటించి, మధ్యలో మిగిలిన ఖాళీని లిక్విడ్ మాస్క్‌తో (ఆరాక పొరలా ఊడొచ్చే ద్రవంతో) నింపాను. మొత్తం గడి మీద టేప్ వేసి ఫ్రేము అంచు వెంట కోయడం కన్నా ఇది నయం. కొత్త బ్లేడు కూడా వంపు దగ్గర జారుతుంది, జారితే గీత పడేది అద్దం మీదే. ఈ విమానానికి కోసి సిద్ధంగా ఉంచిన మాస్క్‌లు దొరికితే మారుమాట లేకుండా కొనండి. ఇంకేదైనా తగ్గించుకోండి, ఇది మాత్రం వద్దు. ఇంకో మాట: మాస్క్ వేశాక పని వారాల తరబడి వాయిదా వేయకండి. టేప్ జిగురు అద్దానికి పట్టేసి, తీయడం వేరే పని అవుతుంది.

క్లియర్ పార్ట్‌ల దగ్గరికి సూపర్ గ్లూ రానివ్వకూడదని అందరికీ తెలిసిందే. దాని ఆవిరి అద్దానికి లోపలి నుంచి తెల్లటి మంచు పొరలా పడుతుంది. తెల్ల పీవీఏ గమ్ వాడాను. బలం తక్కువే, కానీ ఇక్కడ బలంతో పని లేదు.

లోపల ఎంత పనిచేస్తే అంతా కనబడుతుంది. వేరే విమానాల్లో కాక్‌పిట్‌కి చేసిన పనంతా విమానం ఒళ్లు (ఫ్యూజలాజ్) మూయగానే చీకట్లో కలిసిపోతుంది. ఇక్కడ పైలట్ సీటు, రడ్డర్ పెడల్స్, వెనక గన్నర్ పడుకునే చోటు అన్నీ బయటికే. కెమెరా పార్ట్ మాత్రం నా కిట్‌లో ఉత్త డబ్బా ముక్క. అసలు విమానంలో వాడిన ఆర్‌బీ 20/30 చిన్నదేం కాదు, 20 సెంటీమీటర్ల లెన్సుతో 30 సెంటీమీటర్ల చదరపు నెగెటివ్ తీసేది. ప్లాస్టిక్ షీటు ముక్కలతో కెమెరా ఒకటి చేసి పెట్టాను. నిఘా విమానంలో కెమెరా సరిగ్గా లేకపోతే ఇంకేం ఉన్నట్టు?

రెండో చిక్కు బూమ్‌లు. ఒక బూమ్ వెంట్రుకవాసి తిరిగినా తోకరెక్క వాటి మధ్య కూర్చోదు. బలవంతంగా కూర్చోబెడితే వెనక నుంచి చూడగానే వంకర కనబడుతుంది. సూచనల కాగితం బూమ్‌లు అతికించి ఆరాక తోక పెట్టమంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి. బూమ్‌లు, తోకరెక్క మూడూ గ్లూ లేకుండా బిగించి, గ్రాఫ్ పేపర్ మీద పెట్టి, పైనుంచీ వెనక నుంచీ చూసి, టేప్‌తో కట్టేశాక, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్‌ని (మోడల్ గ్లూని) బ్రష్‌తో సందుకి తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. రాత్రంతా కదపకూడదు.

తోకచక్రం తోకరెక్క కిందే ఉంటుంది కాబట్టి మోడల్ వెనక్కి ఒరగకుండా ముక్కులో సీసం గుళ్లు వేసే పని లేదు. వేయాలన్నా అంత అద్దంలో ఎక్కడ దాస్తాం!

ఇంజన్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆర్గస్ ఇంజన్ల కవర్లు బాగానే అతుకుతాయి. స్పిన్నర్ మీద చిన్న రేకులు ఉంటాయి, గాలికి అవి తిరిగి ప్రొపెల్లర్ రెక్కల వాలుని (పిచ్‌ని) సర్దేవి. కిట్‌లో అవి మందంగా ఉన్నాయి, కాస్త అరగదీస్తే సరిపోతుంది.

పై రంగులు ఆర్ఎల్ఎం 70, 71. రెండూ ముదురు పచ్చలే, ఈ స్కేల్‌లో చేయి దూరం నుంచి ఒకటే రంగులా కనబడతాయి. 71లో కొంచెం లేత రంగు కలిపితే తప్ప పడ్డ శ్రమ కనబడదు. కింద లేత నీలం, తూర్పు (రష్యా) రంగపు పసుపు పట్టీలు. పాత కిట్ కాబట్టి డీకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) పసుపెక్కి వచ్చాయి. షీటుని కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే చాలావరకు తేటపడ్డాయి. తోక మీది నాజీ గుర్తు చాలా కిట్లలో ఉండదు, లేదా ముక్కలుగా ఇస్తారు. చట్టాల వల్ల అలా చేస్తారు, కిట్ లోపం అనుకోకండి.

ఇన్నాళ్ల తర్వాత పరిస్థితి ఇదీ. అద్దాలు పసుపెక్కలేదు. మెరుపు వార్నిష్ మీద వేసిన డీకాల్స్ కింద గాలి చిక్కుకుని వచ్చే వెండి మరకలు లేవు. బూమ్‌లు ఇప్పటికీ తిన్నగా ఉన్నాయి. కానీ ఒక బూమ్ పైన పూడ్చిన అతుకు సన్నని గీతగా మళ్లీ తేలింది. సాల్వెంట్ పుట్టీ ఆరాక కూడా కుంచించుకుపోతూనే ఉంటుంది. అక్కడ సూపర్ గ్లూతో పూడ్చిన రెండో బూమ్ చెక్కుచెదరలేదు. స్ప్రూ కరిగించి లాగిన యాంటెనా తీగ దుమ్ము తుడిచేటప్పుడు తెగింది. దాని చోట సాగే దారం పెట్టాక బ్రష్ తగిలినా ఏమీ కాలేదు. వెనక గన్ గొట్టాలు ఇల్లు మారినప్పుడు విరిగాయి, ఇప్పుడు ఇత్తడి గొట్టాలున్నాయి. మెరుపు లేని మ్యాట్ కోటు రెక్కల అంచుల దగ్గర, పట్టుకునే చోట, మెరుపెక్కింది. దుమ్ముకి మేకప్ బ్రష్‌ని మించింది లేదు.

మొదటి కిట్‌గా ఇది ఎవరికీ చెప్పను. క్యానపీ (కాక్‌పిట్ అద్దాల) మాస్కింగ్ మీద చేయి తిరిగినవాళ్లకి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే వచ్చినవాళ్లు షెల్ఫ్‌లో ముందు వంగి చూసేది దీన్నే, ఫైటర్లని కాదు. 1/72లో రెక్క ఆ చివర నుంచి ఈ చివరికి 25 సెంటీమీటర్ల పైన వస్తుంది. 1/48లో లోపలి పని ఇంకా సుఖం, కానీ 38 సెంటీమీటర్లు దాటుతుంది. కొనే ముందు షెల్ఫ్ కొలుచుకోండి.