మోంటిసెల్లోకి ఒక పూట చాలదు: జెఫర్సన్ కొండ, చుట్టుపక్కల

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నార్తర్న్ వర్జీనియా మనవాళ్లు వేసే ప్లాన్లలో షార్లెట్స్‌విల్ ఒకటి. పొద్దున జెఫర్సన్ ఇల్లు మోంటిసెల్లో, మధ్యాహ్నం మన్రో ఇల్లు హైలాండ్, సాయంత్రం మాడిసన్ ఇల్లు మాంట్‌పీలియర్. ముగ్గురు ప్రెసిడెంట్లూ ఒక్కరోజులో అయిపోతారన్న లెక్క. అవ్వరు. హైలాండ్ పక్కనే, పది నిమిషాల దూరం. మాంట్‌పీలియర్ మాత్రం ఆరెంజ్ ఊరి దగ్గర, ముప్పావుగంట డ్రైవ్. మోంటిసెల్లోకే నాలుగు గంటలు పడుతుంది. ఒకటి వదులుకోవాల్సి వస్తే హైలాండ్ వదిలేయండి. అక్కడ ఏళ్ల తరబడి మన్రో ఇల్లని చూపించిన భవనం నిజానికి అతిథుల కోసం కట్టిందని, అసలు ఇంటి పునాదులు పక్కన మట్టిలో ఉన్నాయని 2016లో బయటపడింది.

మోంటిసెల్లో టికెట్ మీద ఉండే టైము ఇంటి గుమ్మం దగ్గరిది, పార్కింగ్‌ది కాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కారు కింద పెట్టి, విజిటర్ సెంటర్ నుంచి షటిల్ బస్సు ఎక్కి కొండపైకి చేరాలి. కనీసం అరగంట ముందు చేరుకోండి, శనివారమైతే ముప్పావుగంట.

మామూలు టూర్‌లో కింది అంతస్తు మాత్రమే చూపిస్తారు. గుమ్మటం కింద ఉన్న ఎనిమిది పలకల గది చూడాలంటే విడిగా వేరే టూర్ కొనాలి. పెద్దవాళ్లకు అది వద్దు. మెట్ల వెడల్పు 24 అంగుళాలే, పైగా నిటారు. అమెరికా తరఫున ప్యారిస్‌లో అయిదేళ్లు ఉండి వచ్చిన జెఫర్సన్‌కి హాలు మధ్యలో పెద్ద మెట్ల వరస స్థలం దండగ అనిపించింది. 1796 నుంచి ఇల్లు విప్పి మళ్లీ కట్టించేటప్పుడు మెట్లని మూలలకు నెట్టేశాడు.

ముందు హాల్లో గడియారం దగ్గర కాస్త ఆగండి. తాళ్లకు ఫిరంగి గుండ్ల లాంటి బరువులు వేలాడుతుంటాయి. రోజులు గడిచేకొద్దీ అవి కిందికి దిగుతాయి, గోడ మీద రాసిన వారాల పేర్లు ఒక్కొక్కటే దాటుతాయి. గది ఎత్తు వారం మొత్తానికి చాలలేదు. నేలకు కన్నం పెట్టించాడు. శనివారం నేలమాళిగలో ఉంటుంది! కిందికి వెళ్లినప్పుడు గోడ మీద వెతకండి. ఇదే గడియారానికి బయటి ముఖం కూడా ఉంది, దానికి గంటల ముల్లు ఒక్కటే.

చదువుకునే గదిలో ఒక కలంతో రాస్తుంటే రెండో కలం అదే నకలు తీసే యంత్రం కనిపిస్తుంది. పుస్తకాల కథ వేరు. 1814లో బ్రిటిష్ సేనలు వాషింగ్టన్ తగలబెట్టినప్పుడు కాంగ్రెస్ లైబ్రరీ కాలిపోయింది. మరుసటి ఏడు జెఫర్సన్ తన 6,487 పుస్తకాలను 23,950 డాలర్లకు దానికి అమ్మాడు. వాటిలో మిగిలినవి చూడాలంటే వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కే వెళ్లాలి.

టూర్ అయ్యాక ఎక్కువమంది పూలతోట దగ్గర ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు. అసలు చూడాల్సింది మల్బరీ రో, బానిసలు పని చేసిన, బతికిన వీధి. అక్కడ బయట నడుస్తూ చెప్పే టూర్ సీజన్‌లో టికెట్‌లోనే ఉంటుంది. మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో రాసిన చేయి జీవితకాలంలో ఆరొందల మందికి పైగా బానిసలను ఉంచుకుంది. 1803లో కోటీ యాభై లక్షల డాలర్లకు లూసియానా అనే విశాల ప్రాంతం కొని దేశాన్ని రెండింతలు చేసిన మనిషి, సొంతానికి లక్ష డాలర్లకు పైగా అప్పు మిగిల్చి 1826 జులై 4న పోయాడు. ఆ అప్పు తీర్చడానికి 1827 జనవరిలో వేలానికి పెట్టిన వాటిలో 130 మంది మనుషులున్నారు. ఇంట్లో ఏ గదిలోనూ ఇంత సూటిగా తగలదు.

భోజనం సంగతికొస్తే, కొండ కింద మిచీ టావెర్న్‌లో పేరు వేయించిన చికెన్‌కి. శాకాహారులు పులిహోర డబ్బా కట్టుకెళ్లడం మేలు. బస డౌన్‌టౌన్ మాల్ దగ్గరైతే రాత్రి నడిచే చోట తిండి దొరుకుతుంది. రూట్ 29 మీద హోటళ్లు సాధారణంగా చవక, కానీ ప్రతిదానికీ కారు తీయాలి. మే నెలలో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా పట్టాల పండగ, శరదృతువులో ఫుట్‌బాల్ శనివారాలు తప్పించండి, రేట్లు చుక్కలంటుతాయి.

రెండో రోజు యూనివర్సిటీకి ఉంచండి. అక్కడ జెఫర్సన్ గీసిన గుమ్మటం భవనం రొటుండా రోమ్‌లోని పాంథియన్‌కి సగం కొలత. తోటల మధ్య పాములా మెలికలు తిరిగే గోడలు ఒకే ఇటుక మందం. నిటారుగా కట్టి ఉంటే పడిపోయేవి, ఆ వంపులే నిలబెట్టాయి.

మోంటిసెల్లో నుంచి దిగేటప్పుడు మాత్రం బస్సు వద్దు, కాలిబాట పట్టండి. సుమారు అర మైలు ఉంటుంది, జెఫర్సన్ సమాధి దారిలోనే. రాతి మీద మూడే సంగతులు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛా చట్టం, యూనివర్సిటీ స్థాపన. ఎనిమిదేళ్ల ప్రెసిడెంట్ పదవి ఊసే లేదు. కంచె గేటు తాళం వేసి ఉంటుంది, బయటి నుంచే చదవాలి. ఖరీదైన రాయి పెడితే దాని విలువ కోసం పాడుచేస్తారని ముతక రాయే పెట్టమన్నాడు. అయినా వచ్చినవాళ్లు గుర్తుగా పెచ్చులు కొట్టుకుపోయారు. ఇప్పుడున్నది తర్వాత పెట్టిన పెద్ద రాయి, పాతది 1883లో మిస్సోరీ యూనివర్సిటీకి తరలిపోయింది.